తొంభై ఏడుగురికి వంద చుక్కలు

వాల్య-సకా
నవంబరు 17

తమ్ముడు జంఫీర్‌కి,

నువ్వు బాగున్నావనే అనుకుంటున్నాను. అనుకోకపోతే నిద్ర పట్టదు, అనుకున్నా పట్టదు. మొన్న రేడియోలో గలాత్సి వైపు గాలి ఎక్కువన్నారు. నీ వంటింటి కిటికీ అద్దం వేయించావా, లేక కాగితం అంటించి ఊరుకున్నావా? ఊరుకునే ఉంటావు. నీ సంగతి నాకు తెలీదా.

ఇక్కడ మీ బావ గ్లిగోర్‌కి జలుబు. మూడు వారాలైంది, తగ్గదు, పెరగదు. పెరిగితే డాక్టరుకి చూపించొచ్చు. కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. రోజూ సాయంత్రం ఆరింటికి కరెంటు పోతుంది. ఒక్కోరోజు పోదు, అప్పుడు ఇంకా భయం, ఏదో జరిగిందని.

అసలు సంగతికొస్తాను. బడికి కొత్త టీచరు వచ్చింది, కొరీనా అని, చలికాలంలో టోపీ పెట్టుకోని పిల్ల. ఆవిడ పిల్లలకి చెప్పిందట, డిసెంబరు పదమూడు రాత్రి ఆకాశంలో చుక్కలు రాలతాయి, గంటకి వంద అని. ఏటా అదే తారీఖుకి రాలతాయట, మనం దుప్పట్లు ముసుగేసుకుని పడుకుంటాం కాబట్టి చూడలేదట. పదమూడు! అది ఏ తారీఖో నీకు వేరే చెప్పాలా? అమ్మ పోయిన రాత్రి. ఈ ఏటికి ఏడేళ్ళు. ఏడో ఏటి తద్దినమే ఆఖరిది, ఆ పైన పోయినవాళ్ళు మనల్ని ఏమీ అడగరు.

గడిచిన ఆరు తద్దినాలకీ నువ్వు రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు, నా మొహం చూడబుద్ధి కాక. ఆ రాత్రి ఆవు ఈనుతోందని నేను కొట్టంలోకి పోయాను. అగ్గిపెట్టె నా కోటు జేబులో ఉండిపోయింది. నువ్వు చీకట్లో తడుముకుంటుండగానే అమ్మ పోయింది, చేతిలో వెలిగించిన కొవ్వొత్తి లేకుండా. అలా పోయినవాళ్ళకి అవతల కూడా చీకటే. ఆ మాట నువ్వు పెద్దల ముందు చెప్పావు. నిజమే కాబట్టి చెప్పావు, నేను తప్పు పట్టను. అప్పట్నుంచీ నా జేబులో మూడు అగ్గిపెట్టెలు ఉంటాయి. ఇంట్లో ఎవరు గట్టిగా దగ్గినా కొవ్వొత్తి అందుకుంటాను. మీ బావకి విసుగొచ్చి బయటికెళ్ళి దగ్గుతున్నాడు.

రారా తమ్ముడూ. భోజనాల దగ్గర పదిమందిలో “అక్కా, అగ్గిపెట్టె సంగతి వదిలేశాను” అని ఒక్కమాట అను. నాకు కావలసింది అంతే. తర్వాత చుక్కలు రాలనీ, చంద్రుడే రాలనీ.

తద్దినానికి ఉడకబెట్టి పంచే గోధుమల్లోకి చక్కెర దొరకడం లేదు. అక్కడ దొరికితే రెండు కిలోలు పంపు. దొరక్కపోతే బాధపడకు, నేను పడతాను.

నీ అక్క
పరస్కీవ


గలాత్సి
నవంబరు 23

అక్కా,

నీ ఉత్తరం చదివాక నాకూ జలుబు చేసింది.

కిటికీకి కాగితం అంటించాను. గాలి ఆగింది. అద్దం ఉన్నప్పుడు కూడా ఇంత బాగా ఆగలేదు.

చుక్కలు రాలడం అంటే ఏమీ లేదు, ఇసుక నలుసులు గాలిలో పడి మండటం. ఓడల యార్డులో ముప్పై ఎనిమిదేళ్ళు వెల్డింగు చేశాను. పూటకి పదివేల చుక్కలు నా చేతి కింద రాలాయి. ఒక్క ప్రాణం పోలేదు, మా ఫోర్‌మన్‌ది తప్ప. అతను కూడా చుక్కలతో పోలేదు, చుక్క ఎక్కువై పోయాడు. ఆకాశానికి వాల్య-సకా ఎక్కడుందో కూడా తెలీదు. జిల్లా ఆఫీసువాళ్ళకే తెలీదు, ఆకాశానికెలా తెలుస్తుంది?

తద్దినానికి రావడం కుదరదు. మోకాలు వాచింది. పదిహేనో తారీఖున మా బిల్డింగువాళ్ళ మీటింగుంది, నేను లేకపోతే బాయిలరు గది తాళం ఆ మూడో అంతస్తు దొంగ వెధవ చేతికిస్తారు. పైగా పిల్లి ఉంది. దాన్నెవరు చూస్తారు?

అగ్గిపెట్టె, అగ్గిపెట్టె అని ప్రతి ఉత్తరంలోనూ తవ్వుతావెందుకు? అయిందేదో అయింది. నేను మర్చిపోయాను, నువ్వూ మర్చిపో.

చక్కెర పంపుతున్నాను. దానికోసం ఎంతసేపు లైన్లో నిలబడ్డానో చెప్పను. చెబితే నా కాళ్ళ గురించి ఇంకో ఉత్తరం రాస్తావు.

జంఫీర్


వాల్య-సకా
నవంబరు 29

తమ్ముడూ,

నీ చక్కెరా అందింది, నీ ఉత్తరమూ అందింది. చక్కెర తియ్యగా ఉంది.

మనిషి రావలసిన చోటికి పొట్లం పంపావు. పోనీలే. పిల్లి కోసం కన్నతల్లి తద్దినం మానుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. ఆ పిల్లికి కాళ్ళు నాలుగా, రెండా అని మీ బావ అడగమన్నాడు. నేను అడగలేదు, ఆయన అడిగాడని రాస్తున్నాను.

ఇక్కడ ఊరు ఊరంతా తలకిందులైంది. టీచరు బళ్ళో చెప్పిన మాట పిల్లలు ఇళ్ళకి మోసుకొచ్చారు. పంచాయితీ గుమస్తా నెగోయిత్సా కూర్చుని లెక్క తీశాడు. ఊళ్ళో మనం తొంభై ఏడుగురం. మనిషికో చుక్క, అది రాలితే మనిషి రాలినట్టే, ఇది చంటిపిల్లలకీ తెలిసిందే. గంటకి వంద రాలితే ఇంక మిగిలేదెవరు? వందలో తొంభై ఏడు పోను మూడు ఎక్కువున్నాయి, అవి అవతలి గట్టు ఊరికి పోతాయని తేల్చారు. మాకు మూడేనా అని అవతలి గట్టువాళ్ళు అలిగారు.

టీచరమ్మ ఇంటింటికీ తిరిగి మొత్తుకుంది. “అవ్వా, అవి మన చుక్కలు కావు. ఉత్త దుమ్ము” అంది. మన రుక్సాంద్ర పిన్ని అంది కదా, “మనం మాత్రం ఏంటమ్మా, దుమ్మే కదా. పాదిరి ప్రతి ఆదివారం అదేగా చెప్పేది.” 

దాంతో మొదలయ్యాయి తద్దినాలు. పోయినవాళ్ళకి కాదు, ఉన్నవాళ్ళకి. పిల్లలు పెడతారో పెట్టరో అని బతికుండగానే ఎవరి తద్దినం వాళ్ళు పెట్టుకోవడం మన వైపు ఎప్పుడూ ఉన్నదే. ఏడాదికి ఒకళ్ళో, ఇద్దరో. ఇప్పుడు అందరూ ఒకేసారి! పాదిరి సొఫ్రోనీ గారు పొద్దున మూడిళ్ళలో, మధ్యాహ్నం నాలుగిళ్ళలో తింటున్నారు. ఆయన అంగీకి మధ్య బొత్తాం లేదు, ఎక్కడో ఎవరి పులుసులోనో పడింది. క్రిస్మస్ ముందు ఉపవాసాలని మమ్మల్ని నలభై ఏళ్ళుగా బీన్సు గింజలతో చంపుకుతిన్న మనిషి, పందుల్ని కోసే ఇగ్నాట్ పండగ రాకుండానే జనం కోసేస్తుంటే కళ్ళు మూసుకుని దీవిస్తున్నాడు. మరి పందిని ఎవరికి వదిలి పోతాం అని వాళ్ళు. దేవుడిచ్చింది పారేయడం పాపం కదా అని ఆయన. కళ్ళు మూసుకున్నాడు గాని నోరు మూసుకోలేదు.

అమ్మ తద్దినం కోసం వెళ్ళి అడిగాను. పుస్తకం తిరగేసి, “పదమూడు ఖాళీ లేదు పరస్కీవా. ఉన్నవాళ్ళు తొందరలో ఉన్నారు. మీ అమ్మ ఏడేళ్ళు ఆగింది, ఇంకో నెల ఆగలేదా?” అన్నాడు. చచ్చినవాళ్ళకి చర్చిలో కూడా చోటు లేని రోజులొచ్చాయి.

అందుకని నేనూ నా తద్దినం పెట్టుకుంటున్నాను. బతికున్నదాన్ని కాబట్టి పదమూడు మధ్యాహ్నం, రెండు నుంచి రెండున్నర దాకా ఇచ్చాడు. అవతల నాకు పడక దొరకాలంటే ఇక్కడ ఎవరికైనా పడక ఇవ్వాలి. నువ్వొస్తావేమోనని మంచం, ఉన్ని దుప్పటి, కుర్చీ, పళ్ళెం, చెంచా నీ పేరున పక్కన పెట్టాను. మంచం విప్పితే బస్సు మీద పడుతుంది, కొలిచాను.

నీ అక్క


గలాత్సి
డిసెంబరు 4

అక్కా,

నిజం చెప్పు. డాక్టరు ఏమన్నాడు?

నువ్వు విరిగిన చీపురుపుల్ల కూడా ఎవరికీ ఇవ్వవు. అలాంటిదానివి మంచం ఇచ్చేస్తున్నావు, దుప్పటి ఇచ్చేస్తున్నావు. ఊరివాళ్ళ పిచ్చి అడ్డం పెట్టుకుని ఏదో దాస్తున్నావు. గుండెనా? బావ జలుబు, బావ జలుబు అని మూడు పేజీలు రాసి నీ సంగతి ఒక్క ముక్క రాయలేదు. నీ సంగతి రాయకుండా నువ్వు ఉత్తరం రాయడం నా జన్మలో ఇదే మొదలు.

పిల్లికి నాలుగు కాళ్ళు. బావకి చెప్పు, కావాలంటే ఫొటో పంపుతాను.

నేను రాను. మోకాలు.

ఊరికే అడుగుతున్నా, క్రయోవా నుంచి సాయంత్రం బస్సు ఇంకా నాలుగింటికేనా?

జంఫీర్


వాల్య-సకా
డిసెంబరు 8

తమ్ముడూ,

డాక్టరు ఏమీ అనలేదు. అదే నా భయం. “నీకేం లేదమ్మా, నూరేళ్ళుంటావు” అన్నాడు. పక్కింటి గావ్రిలాతో కూడా అదే మాటన్నాడు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ పోయింది, కాఫీ కూడా పూర్తిగా తాగలేదు.

నా సంగతి రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను, నీకు దిగులెందుకని ఇన్నాళ్ళూ రాయలేదు. ఎడమ చెవిలో రాత్రంతా రైలు కూత వేస్తుంది. కుడి చెవిలో ఏమీ లేదు, అది ఎందుకు ఊరుకుందో తెలీదు. మెట్లెక్కితే గుండె ముందు ఎక్కి కూర్చుంటుంది, నేను వెనక వెళ్తాను. వేళ్ళు చల్లగా ఉంటాయి. నిన్న సంకటి రుచి తెలియలేదు, మీ బావకీ తెలియలేదట, ఉప్పు వేయడం మర్చిపోయాననుకుంటా. కలలో అమ్మ కనబడటం మానేసింది. ఇన్నింటిలోకీ అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

బస్సు సంగతెందుకు అడిగావు? రానివాడికి బస్సెందుకు? మంచం కోసం ఎవణ్ణో పంపుదామనుకుంటున్నావు. ఎవడొచ్చినా ఇవ్వను. నువ్వే రావాలి. బస్సు నాలుగింటికే, ఐదింటికి వస్తుంది.

చూడు, ఎగతాళి కాదు. చుక్కల మాట నిజమో అబద్ధమో నేను చదువుకున్నదాన్ని కాదు, నాకు తెలీదు. కాని ఎప్పుడో ఒకప్పుడు అమ్మ ఉన్నచోటికి పోవాలి కదా. నువ్వు వదిలేశానని అనకుండా ఏ మొహం పెట్టుకుని పోను? అమ్మ చీకట్లో ఉంటుంది కాబట్టి నన్ను గుర్తుపట్టదు, అదొక్కటే నాకు ధైర్యం.

నీ అక్క


గలాత్సి
డిసెంబరు 15

బావగారికి,

ఈ ఉత్తరం మొదలుపెట్టి నాలుగు కాగితాలు చించాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదమూడో తారీఖున నేను వచ్చాను. బస్సు ఊరి బయట దించేసరికి చీకటి పడింది, కరెంటు లేదు. ప్రతి కిటికీలోనూ కొవ్వొత్తి. ఎవరు పోయారా అనుకుంటూ మన ఇంటి దాకా నడిచాను. కంచె దగ్గర నిలబడి లోపలికి చూశాను. అక్క మంచం మీద ఉంది. నల్లగౌను, కొత్త తలగుడ్డ, చేతులు రొమ్ము మీద, చేతుల్లో కొవ్వొత్తి. మీరు పక్కన స్టూలు మీద కూర్చుని కళ్ళూ ముక్కూ తుడుచుకుంటున్నారు.

లోపలికి రాలేకపోయాను బావా.  వచ్చిన దారినే రైల్వే స్టేషను దాకా నడిచాను. దారి పొడుగునా చుక్కలు రాలుతూనే ఉన్నాయి. తల ఎత్తలేదు, అయినా మంచు మీద వెలుగు తెలుస్తోంది.

అక్కకి చెప్పవలసింది మీకు చెబుతున్నాను. ఆ రాత్రి కొవ్వొత్తి పక్కనున్న అగ్గిపెట్టెని అక్క పట్టుకుపోలేదు. నా దగ్గరుంది. “ఆవు దగ్గరికి నువ్వు పో, ఇక్కడ నేనున్నాను” అన్నది నేనే. ఒక్క సిగరెట్టు కాల్చుకుందామని వాకిట్లోకి వచ్చాను. ఒక చుక్క రాలింది. ఇంకోటి చూసి పోదామనుకున్నాను. అదీ రాలింది. యాభై ఆరేళ్ళవాణ్ణి, చిన్నపిల్లాడిలా నిలబడి లెక్కపెట్టాను. పదకొండు. లోపలికొచ్చేసరికి అమ్మ లేదు. కొవ్వొత్తి బల్ల మీద అలాగే ఉంది, వెలిగించాల్సిన పుల్ల నా సిగరెట్టుకి పోయింది.

అక్క కొట్టంలోంచి పరిగెత్తుకొచ్చి, నన్ను చూసి, అమ్మని చూసి, తన జేబులో చెయ్యి పెట్టింది. అందులోనూ ఒక అగ్గిపెట్టె ఉంది. తప్పు తనదే అనుకుంది. “నేను పట్టుకుపోయానా?” అంది. నేను “ఊ” అన్నాను. అంతే, ఒక్క ఊ. తర్వాత పెద్దలు అడిగితే ఆ ఊనే పెద్దది చేసి చెప్పాను.

అంత మంచి మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. సమాధి దగ్గర ఈ ఉత్తరం చదివి వినిపించండి.

మంచం మీ దగ్గరే ఉంచండి.

జంఫీర్


వాల్య-సకా
డిసెంబరు 20, ఇగ్నాట్ పండగ

తమ్ముడు జంఫీర్‌కి,

సమాధి దగ్గర చదవమన్నావు. సమాధి తవ్వలేదు కాబట్టి వంటింట్లో చదివాం. మీ బావ కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో ఆయనకి తెలీదు, నేనే చదివి వినిపించాను. “అంత మంచి మనిషి” అన్నచోట ఆయన ఆపి, “ఎవరి గురించి?” అన్నాడు.

నేను చావలేదు. చర్చి దగ్గరికి బయల్దేరాల్సింది రాత్రి పదింటికి, అందాకా కూర్చుంటే గౌను నలుగుతుందని పడుకున్నాను. కొవ్వొత్తి పట్టుకుంది అలవాటు కోసం. మీ బావకి జలుబు. అది నీకు మూడు పేజీలు రాశానని నువ్వే అన్నావు కదరా!

ఎవరూ చావలేదు. తొంభై ఏడుగురం చర్చి వెనక దిబ్బ మీదికి చేరాం, చావుబట్టల్లో. పెళ్ళికి కూడా ఊరు ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు. టీచరమ్మ, “దయచేసి కొవ్వొత్తులు ఆర్పండి, ఏమీ కనబడదు” అని బతిమాలింది. ఆర్పితే పోయేదెలా అని ఎవరూ ఆర్పలేదు. ఆ పిల్ల ఆకాశం వైపు వేలు చూపించబోతే రుక్సాంద్ర పిన్ని చేతి మీద ఒక్కటి వేసింది. “వేలు పెట్టి చూపిస్తావేంటే, అది ఎవరిదో ఏమో!”

మొదటి చుక్క రాలగానే అందరం పైకి చూడ్డం మానేసి ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం, ఎవరు పడతారా అని. ఎవరూ పడలేదు. నెగోయిత్సా ఊరి జాబితా తెచ్చుకున్నాడు. చుక్క రాలినప్పుడల్లా వరసలో ఒక పేరు చదివేవాడు, ఆ మనిషి “ఉన్నాను” అనాలి. ముప్పై దాటేసరికి ఆ “ఉన్నాను”లో కాస్త విసుగొచ్చింది. యాభై దాటాక వాదన. “అది నా చుక్క కాదు, మరీ చిన్నది.” “నీకు అదే ఎక్కువ!” నా పేరు చదివినప్పుడు పచ్చటిది, పొడుగ్గా, చర్చి మీద నుంచి నీ గలాత్సి వైపు పోయింది. ఎంత గట్టిగా “ఉన్నాను” అన్నానంటే కుక్కలు మొరిగాయి. అందంగా ఉందిరా. అందంగా ఉందని అనుకున్నందుకు మూడు రాత్రులు భయపడ్డాను.

మర్నాడు మొదలైంది అసలు గొడవ. ఎవరి కుర్చీలు వాళ్ళు, ఎవరి దుప్పట్లు వాళ్ళు వెనక్కి అడిగారు. ఇచ్చినవన్నీ అవతలికి చేరిపోయాయి, అడక్కూడదు అన్నారు పాదిరి గారు. “అవతలికి చేరిన నా కుర్చీలో మీ పొయ్యి పక్కన మీరెలా కూర్చున్నారు ఫాదరూ?” అంది రుక్సాంద్ర పిన్ని. ఇవాళ ఇగ్నాట్ పండగ, కోయడానికి ఊళ్ళో ఒక్క పంది లేదు. ఎవరూ చావనందుకు టీచరు మీద అందరూ సంతకాలు పెట్టి పైకి అర్జీ పంపారు. నేను పెట్టలేదు. ఆ పిల్ల పాపం టోపీ లేకుండా దగ్గుతోంది, పాలు పోస్తున్నాను.

ఇంక నీ సంగతి.

ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారికి సంకటి మాడింది. రెండోసారికి మీ బావ లేచి బయటికెళ్ళి కట్టెలు కొట్టాడు, కట్టెలు అక్కర్లేదు. ఏడేళ్ళు నేను రాత్రిళ్ళు లేచి జేబులు తడుముకున్నాను. నువ్వేమో “మర్చిపోయాను, నువ్వూ మర్చిపో” అని రాశావు. ఆ మాట ఎలా రాశావురా? కంచె నుంచి మన గుమ్మానికి పన్నెండు అడుగులు. నువ్వు ఆ పన్నెండు అడుగులు నడవలేక, మంచులో స్టేషను దాకా ఏడు కిలోమీటర్లు నడిచావు. ఆ వాచిన మోకాలితో! దానికి ఏం రాశావు? పందికొవ్వు రాయి. ఇక్కడ లేదు, ఉంటే పంపేదాన్ని.

క్షమించాను అని రాస్తానని చూస్తున్నావేమో. రాయను. నువ్వు నిజం చెప్పుకుంది పోయిన పరస్కీవకి. ఆవిడ చాలా మంచిదని నువ్వే రాశావు, ఆవిడ క్షమించే ఉంటుంది. బతికున్నది అంత మంచిది కాదు. దానికి మొహం మీద చెప్పాలి.

అమ్మ తద్దినం జనవరి పద్దెనిమిది, శనివారం. అడగ్గానే ఇచ్చాడు, ఇప్పుడు పాదిరికి పని లేదు. ఏడేళ్ళ కిందట ఎవరి ముందు నా పేరు చెప్పావో, ఆ పెద్దలందరినీ భోజనానికి పిలిచాను. వాళ్ళ ముందు నిలబడి, అమ్మ కొవ్వొత్తి ఎందుకు వెలగలేదో నీ నోటితో చెప్పు. సాక్షులు లేరని తప్పించుకోలేవు. పేరు పేరునా పిలిచి చూశాం, అందరూ ఉన్నారు.

నీ అక్క
పరస్కీవ